ఓడ కొరకా, ఒడ్డు కొరకా?

పసిఫిక్ మహాసముద్రపు అమెరికా తీరమున నాలుగైదు రోజుల ఓడవిహారమునకు పోదలచినవారి ముందు ముఖ్యముగా రెండు మార్గములు నిలుచును. మొదటిది లాస్ ఏంజలిస్ ప్రాంతపు రేవులలో, అనగా సాన్ పెడ్రోలో గాని లాంగ్ బీచిలో గాని ఓడనెక్కి, ఎదుటనే యున్న కాటలీనా ద్వీపమును, మెక్సికోకు చెందిన ఎన్సెనాడా పట్టణమును చూచి, నాలుగు రాత్రులు గడచిన పిమ్మట ఎక్కిన చోటనే దిగునట్టి దక్షిణపు చుట్టు. రెండవది కెనడాలోని వాంకూవరున ఎక్కి, విక్టోరియా, ఆస్టోరియా, సాన్ ఫ్రాన్సిస్కో వంటి రేవులను తాకుచు దిగివచ్చి లాస్ ఏంజలిసున ముగియునట్టి, వసంతమునందైనచో అదే దారిని ఎదురుగా ఎగబ్రాకునట్టి, ఒంటిదారి తీరయాత్ర. ధరల పట్టికలో ఈ రెండును పక్కపక్కనే కానవచ్చును. గదుల పేర్లు అవియే, భోజనశాలల బొమ్మలు అవియే, కొన్నియెడల ఓడయు అదియే. అందుచేత ఏది ఎన్నుకొనవలెనన్న ప్రశ్న చాలమందికి తేదీల సర్దుబాటుగా తోచి అంతటితో తీరిపోవుచున్నది. కాని దక్షిణపు చుట్టునకు పోవువాడు ఓడ కొరకు పోవుచున్నాడు. ఉత్తరపు దారిన వచ్చువాడు ఒడ్డు కొరకు వచ్చుచున్నాడు. ఈ రెండు కోరికలలో తనది ఏదియో ఎరుగక టిక్కెట్టు కొన్నవాడు, ఎంత చక్కని గది దొరికినను, మూడవనాటికి విసుగుకొనును.

ఈ ప్రశ్న తెలుగువారి ఇండ్లలోనికి వచ్చి చాలకాలమే యైనది. సాన్ హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్ ప్రాంతములలోను, సియాటిల్ పొరుగున బెల్‌వ్యూ, రెడ్మండులలోను, దక్షిణమున అర్వైనులోను స్థిరపడిన కుటుంబములవారు, గుంటూరునుండియో కరీంనగరమునుండియో ఆరునెలలకై వచ్చిన తల్లిదండ్రులకు నయాగరా, గ్రాండ్ కాన్యన్, లాస్ వేగాస్ చూపించి ముగించిన పిమ్మట, మోకాళ్లకు శ్రమలేని విహారము మరేది కలదాయని వెదకుచు ఓడవైపు చూపు త్రిప్పుదురు. హోటళ్లు మారనక్కరలేదు; పెట్టె ఒక్కసారి విప్పినచాలును; నడువలేనివారు కూర్చున్నచోటనే కూర్చుండగా ఊళ్లే కదలివచ్చును. ఇన్ని సౌకర్యములు వినిపించినను తల్లి అడుగు ప్రశ్న మాత్రము ఒక్కటియే: “ఒరే నాయనా, ఓడలో పెరుగన్నం దొరుకుతుందా?” దొరకును. పెద్ద ఓడలన్నింట ఉదయపు ఫలహారశాలలో పెరుగు, దాదాపు ప్రతిపూటయు అన్నము ఉండును. కొన్ని వారములు ముందుగా తెలిపినచో భారతీయ శాకాహారము రాత్రిభోజనమున వేరుగా వండి పెట్టుట ఇప్పుడు సామాన్యమైన ఏర్పాటు. వంటశాలలలోను వడ్డనలోను గోవా, ముంబయి, కేరళలనుండి వచ్చిన పనివారు తరచుగా ఉందురు గనుక, మొదటిరాత్రి బల్లవద్ద వారిని పలుకరించినవారికి మరుసటిరాత్రి పప్పు కాస్త మనవైపు రుచికి దగ్గరగా వచ్చుట కద్దు. ఇంటివంటను మాత్రము సాధారణముగా ఓడలోనికి రానీయరు. ఆవకాయ జాడీని ఇంటనే వదలిపోవలెను.

చట్టము గీచిన దారి

ఓడ ఏ రేవున ఆగవలెనన్నది సముద్రమునకంటె ముందుగా శాసనము నిర్ణయించును. 1886లో అమెరికా కాంగ్రెసు చేసిన ప్రయాణికనౌకల చట్టము ప్రకారము, ఆ దేశముననే నిర్మింపబడి, ఆ దేశపు పతాకమును ధరించి, ఆ దేశీయుల యాజమాన్యమున నుండు నౌకలు తప్ప మరేవియు ఒక అమెరికా రేవునుండి మరొక అమెరికా రేవునకు ప్రయాణికులను చేరవేయరాదు. నాటి ఉద్దేశము స్వదేశపు నౌకాపరిశ్రమను కాపాడుట. నేటి ఫలితము మరొకటి. ఈ తీరమున తిరుగు మహానౌకలు దాదాపన్నియు ఇటలీ, ఫిన్లాండు, జర్మనీ, ఫ్రాన్సుల నౌకాశాలలలో పుట్టి, బహామాసు, పనామా, బెర్ముడా వంటి దేశముల పతాకములక్రింద నడచునవి. అట్టి నౌక ఎక్కిన రేవునకే తిరిగివచ్చునప్పుడు నడుమ ఏదో యొక విదేశపు రేవును తాకితీరవలెను. ఒక అమెరికా రేవున ఎక్కించుకొని మరొక అమెరికా రేవున దింపదలచినచో పొరుగున నున్న కెనడా, మెక్సికోల రేవులు ఎన్ని తాకినను చాలదు; దక్షిణ అమెరికావంటి దూరదేశపు రేవును తాకివచ్చినగాని శాసనము సమ్మతింపదు.

ఇది తెలిసినపిమ్మట పట్టికలోని వింతలు చాలవరకు విడిపోవును. లాస్ ఏంజలిసునుండి బయలుదేరు ప్రతి నాలుగురోజుల చుట్టులోను ఎన్సెనాడా ఏల యుండవలెను? సరిహద్దు దాటినపిమ్మట పెద్ద ఓడలు ఆనదగిన మొదటి మంచి రేవు అదియే గనుక. సియాటిలునుండి అలాస్కా పోయివచ్చు ఓడలు తిరుగుప్రయాణమున విక్టోరియాలో, ఒక్కొక్కప్పుడు రాత్రివేళ, దిగి చూచుటకు వెలుగైన లేని సమయమున, ఏల ఆగును? అదే కారణము. సియాటిలున నివసించు తెలుగువాడు తన యింటిముందరి రేవును వదలి, నూట నలువది మైళ్లు ఉత్తరమునకు పోయి, వాంకూవరున ఓడనెక్కి, మరల తన యూరి అక్షాంశమును దాటి దక్షిణమునకు ఏల రావలెను? ఓడ విదేశమునుండి బయలుదేరినచో లాస్ ఏంజలిసున ప్రయాణము ముగించుటకు అడ్డులేదు గనుక.

రెండవ నియంత ఋతువు. పడమటితీరపు ఓడలు వేసవియంతయు అలాస్కా హిమనదాలవద్ద గడపి, చలి ముదిరినకొలది దిగువకు జారి, శీతకాలమున మెక్సికో, హవాయి వంటి వెచ్చని దిక్కులకు మరలును. ఈ యేర్పాటు పుట్టుక తెలిసికొనదగినది. కెనడియన్ పసిఫిక్ వారి ప్రిన్సెస్ పట్రీషియా యను ఓడ వేసవిలో అలాస్కా యాత్రలు చేసి, చలికాలమంతయు పనిలేక కట్టుబడి యుండగా, స్టాన్లీ మక్‌డొనాల్డ్ అను వ్యాపారి దానిని 1965లో అద్దెకు తీసికొని లాస్ ఏంజలిసునుండి మెక్సికోకు నడిపెను. నేటి ప్రిన్సెస్ క్రూజెస్ సంస్థకు అదియే ఆరంభము. ఆ ఓడ ఉష్ణదేశములకై కట్టబడినది కాదు. అయినను ఆనాడు పడిన చాలు నేటికిని మారలేదు: ఏప్రిల్, మే నెలలలో ఓడలు ఉత్తరమునకు, సెప్టెంబరు, అక్టోబరులలో దక్షిణమునకు. ఖాళీగా నడుపుట నష్టము గనుక ఈ తరలింపులనే తీరయాత్రలుగా అమ్ముదురు. కాబట్టి తల్లిదండ్రులు సంక్రాంతి దగ్గరపడిన రోజులలో వచ్చినచో ప్రశ్నయే లేదు. దక్షిణపు చుట్టు ఏడాదిపొడవున దొరకును, ఉత్తరపు దారి ఏటికి రెండుమారులే తెరచుకొనును.

నెమ్మదిగా నడచు ఓడ

లాంగ్ బీచిలో ఓడనెక్కు చోటు ఒక బ్రహ్మాండమైన తెల్లని అర్ధగోళము. హోవార్డ్ హ్యూస్ కట్టించిన మహాదారువిమానము, 1947 నవంబరు 2న జీవితమున ఒకే ఒక్కమారు నీటిమీదనుండి లేచి నిమిషము నిండకముందే దిగినది, ఒకప్పుడు ఇందులో ప్రదర్శనకు నిలిచియుండెను. ప్రక్కనే 1936లో అట్లాంటిక్ దాటుట మొదలిడి, 1967లో ఇచ్చట శాశ్వతముగా కట్టుబడిన క్వీన్ మేరీ నౌక నల్లని దేహముతో, ఎఱ్ఱని పొగగొట్టములతో కానవచ్చును. వేగముకొరకు కట్టిన ఆ నౌక కదలక నిలిచియుండ, విశ్రాంతికొరకు కట్టిన నేటి ఓడ దానిముందే కదలిపోవుట చూడ ముచ్చటగనే యుండును.

కదలిపోవుట యనగా ఎంత దూరము? కాటలీనా ద్వీపము ప్రధానభూమికి ఇరువదిరెండు మైళ్లలో నున్నది. రోజువారీ ప్రయాణికుల పడవ గంటలో చేర్చును. ఓడకు దానికొక రాత్రి. ఎన్సెనాడాకు సముద్రముమీద సుమారు నూటయేబది నాటికల్ మైళ్లు. గంటకు ఇరువది నాట్లకు పైగా పరుగెత్తగల ఓడ అందులో సగము వేగముతోనైన పోనక్కరలేదు. ఇక నాలుగురోజులలో ఒక పూర్తిదినము, సముద్రదినము పేరిట, ఎచ్చటికిని పోక నీటిమీదనే తిరుగుచు గడచును. దీనిని కొందరు మోసమందురు, నేను అనను. ఈ యాత్రలో అమ్మబడు వస్తువు ఓడయే. ఈతకొలనులు, జారుడుబల్లలు, నాటకశాల, అర్ధరాత్రివరకు తెరచియుండు భోజనశాల, పిల్లలను పట్టుకొను ఆటగదులు, తీరమునుండి మూడుమైళ్లు దాటినపిమ్మట గాని దీపములు వెలుగని జూదశాల, ఇవియే గమ్యములు. మనుమలు ఆరేడేండ్లవారైనచో వారికి ద్వీపమును మెక్సికోయు గుర్తుండవు. ఐస్‌క్రీము ఎన్నిమారులు తిన్నను ఎవరును డబ్బడగని యంత్రము మాత్రము కలకాలము గుర్తుండును. దానికి వారిని తప్పుపట్టనేల?

అయినను కాటలీనాను తేలికగా తీసివేయరాదు. టోంగ్వా జాతివారి ప్రాచీననివాసమైన ఈ దీవి 1542లో కాబ్రియో యను నావికుని కన్నులబడగా స్పెయినువారి పటములకెక్కినది. చూయింగ్ గమ్ము వర్తకుడు విలియం రిగ్లీ 1919లో దీనిని చేజిక్కించుకొని, తన చికాగో కబ్స్ బేసుబాల్ జట్టును వసంతకాలపు సాధనకై 1921నుండి ఇచ్చటికే రప్పించి, 1929లో ఆవలాన్ పట్టణపు ఒడ్డున వలయాకారమైన మహాభవనమును నిలిపెను. క్రింద చలనచిత్రశాల, పైన వేలమంది నర్తింపగల మందిరము. ఒక చలనచిత్రముకొరకు 1924లో తెచ్చిన అడవిదున్నలను చిత్రము పూర్తియైనపిమ్మట ఇచ్చటనే వదలిపోయిరి. వాని సంతతి నేటికిని కొండలపై మేయుచున్నది. దీవిలో నూటికి ఎనుబదియెనిమిది పాళ్లు 1972లో ఏర్పడిన సంరక్షణసంస్థ అధీనమున నున్నది. ప్రపంచమున మరెచ్చటను లేని ఇచ్చటి చిన్ననక్క, 1999లో కుక్కలవ్యాధి సోకి వందకు చేరువగా పడిపోయి, ఈ సంస్థ శ్రమచేతనే మరల వేయికి మించి పెరిగినది. ఆవలానున మోటారుకారు ఉంచుకొనుటకు అనుమతి కావలెనన్నచో దశాబ్దములు వేచియుండవలెను. జనులు గోల్ఫుబండ్లలోనే తిరుగుదురు. నడువలేని పెద్దవారికి ఒక గోల్ఫుబండి అద్దెకు తీసికొని, కొండమలుపుల మీదినుండి రేవును చూపించుట, నా లెక్కలో, దక్షిణపు చుట్టు మొత్తములోను ఉత్తమమైన గంట.

ఒక చిక్కు కలదు. పెద్ద ఓడ ఆనుటకు ఆవలానున కట్ట లేదు. ఓడ దూరముగా లంగరువేసి, ప్రయాణికులను చిన్నపడవలలో దింపును. రేవు ఈశాన్యమునకు తెరచియుండుటచేత, శరత్తునుండి శీతకాలమువరకు ఎడారివైపునుండి వీచు సాంటా ఆనా గాలి లేచిననాడు అలలు నేరుగా ఒడ్డునకు కొట్టును. అప్పుడు కెప్టెను దీవిని రద్దుచేసి ముందుకు సాగిపోవును. మోకాళ్లు బలహీనమైనవారికి గాలిలేనినాడును, ఊగుచున్న పడవలోనికి అడుగు వేయుట కొంత సాహసమే.

ఎన్సెనాడాలో ఓడ కట్టకే ఆనును. ఇచ్చట దిగినవారిలో పెక్కురు 1892నాటి హుస్సాంగ్ మదిరాశాలకో, పంటా బాండా కొనయందలి లా బుఫడోరాకో పోదురు. రెండవదానిలో అలలు సముద్రగుహలోనికి చొచ్చి, లోపలి గాలిని అణచిపెట్టి, ఆ గాలి తిరిగి వెలువడినప్పుడు నీరు వందయడుగుల యెత్తునకు చిమ్మును. దృశ్యము నిజముగా చూడదగినదే గాని, అచ్చటికి పోవు దారికి ఇరువైపుల నున్న అంగళ్లవారి పిలుపులు దానికంటె బిగ్గరగా వినిపించును. నాకు ఎన్సెనాడాలో రెండే మెచ్చుకోలు. ఒకటి 1930లో తెరచిన రివియేరా భవనము: అమెరికాలో మద్యనిషేధము సాగుచుండగా సరిహద్దు దాటివచ్చు ధనికులకై కట్టిన ఈ హోటలు, ఆ నిషేధము తొలగి, ఆ పిమ్మట మెక్సికోలో కార్దెనాస్ ప్రభుత్వము జూదమును మాన్పింపగా రెండువిధముల దెబ్బతిని మూతపడి, నేడు పట్టణపు సంస్కృతిభవనమై తోటలతో ప్రశాంతముగా నున్నది. రెండవది పట్టణమునకు ఈశాన్యమున నున్న గ్వాదలూపే లోయ. రష్యాలో సైనికసేవను నిరాకరించి, చర్చితో విభేదించిన మొలకాన్ మతస్థులు 1905 ప్రాంతమున ఇచ్చటికి వచ్చి, మొదట గోధుమ, పిదప ద్రాక్ష పండించిరి. నేడు మెక్సికోలో ద్రాక్షసారాయమునకు ప్రసిద్ధమైన లోయ యిదియే. డిసెంబరునుండి ఏప్రిలువరకు బూడిదరంగు తిమింగలములు ఈ తీరము వెంబడి పిల్లలను పెట్టుటకు దక్షిణపు ఉప్పుకయ్యలకు పోవుచు వచ్చుచు నుండును. శీతకాలమున ఈ చుట్టునకు పోవువారికి అది లెక్కలో లేని లాభము.

గాలి ఎదురైనచోట

ఈ రెండు దారుల నడుమ ప్రకృతియే ఒక గీటు గీచినది. సాంటా బార్బరాకు పడమట పాయింట్ కన్సెప్షన్ అను కొన కలదు. అంతవరకు ఇంచుమించు ఉత్తరదక్షిణములుగా నడచిన తీరము అచ్చట తూర్పునకు మరలును. కొనకు దక్షిణమున ద్వీపములు, కొండలు అడ్డముండుటచేత సముద్రము సాధువు; ఉత్తరమున వాయవ్యపు గాలి వసంతమునుండి వేసవివరకు తీరము వెంబడి ఎడతెగక వీచును. ఆ గాలి పైనీటిని సముద్రములోనికి నెట్టగా అడుగునున్న చల్లనినీరు పైకివచ్చును. సాన్ ఫ్రాన్సిస్కో యెదుట నీరు నడివేసవిలోను పదునాలుగు సెంటీగ్రేడులు దాటుట అరుదు. చల్లని నీటిమీద తేమగాలి పొగమంచై కప్పును. ఆ నీటిలోనే చిన్నచేపలు, వానిని వెన్నాడి తిమింగలములు పెరుగును. విశాఖ సముద్రపు గోరువెచ్చదనమునకు అలవడిన పాదములు ఇచ్చట నీటిలో క్షణము నిలువలేవు.

ఆ కొనకు ఉత్తరమున 1923 సెప్టెంబరు 8వ తేది రాత్రి జరిగినది నావికులు మరువరు. సాన్ ఫ్రాన్సిస్కోనుండి సాన్ డియేగోకు ఇరువది నాట్ల వేగముతో వరుసగా పోవుచున్న అమెరికా యుద్ధనౌకలలో ముందరిది, పొగమంచులో తీరము కానరాక, లెక్కనే నమ్మి, మలుపు వచ్చినదని తలచి తూర్పునకు తిరిగెను, వెనుకవి వెంబడించెను. ఏడు నౌకలు హోండా రాళ్లపై పడిపోయెను, ఇరువదిమువ్వురు మరణించిరి. నేటి ఓడలకు ఉపగ్రహములు దారి చూపును, ఒడ్డునకు దూరముగా నడచును గనుక అట్టి భయము లేదు. అలలు మాత్రము ఆనాటివే. ఉత్తరమునకు పోవు వసంతయాత్రలో గాలి, అల రెండును ఓడ ముఖమునకు ఎదురగును. దక్షిణమునకు వచ్చు శరద్యాత్రలో అవి వెన్నుదట్టును. నౌకలను స్థిరపరచు రెక్కలు పక్కల ఊపును తగ్గించునే గాని ముందువెనుకల ఊపును అంతగా మాన్పలేవు. కడుపు నెమ్మదిలేనివారు ఈ దారిన రాదలచినచో శరత్తుననే రావలెను; గదిని ఓడ నడుమ, క్రింది అంతస్తున తీసికొనవలెను; మందు విషయము బయలుదేరకముందే వైద్యుని అడుగవలెను.

మనవారి జాడలు

ఉత్తరపు దారిని నేను మెచ్చుకొనుటకు కారణము రేవుల అందము కాదు. అందము కలదు, విక్టోరియాలో సున్నపురాయి త్రవ్వి వదలిన గోతిలో జెన్నీ బుచార్ట్ పెంచిన పూలవనమును చూచినవారు మరువలేరు. కాని వాంకూవరు, ఆస్టోరియా, సాన్ ఫ్రాన్సిస్కోలను ఒకే దారమున గ్రుచ్చునట్టి ప్రయాణము, తెలిసిచేసినను తెలియకచేసినను, భారతీయుల చరిత్రలోని యొక అధ్యాయమును వరుసగా త్రిప్పుకొనుచు పోవును. కంపెనీల వ్రాతలలో దీని ప్రస్తావన నాకు కనబడలేదు.

వాంకూవరున ఓడనెక్కు కెనడా ప్లేసు బర్రార్డ్ ఇన్లెట్ ఒడ్డున నున్నది. 1914 మే 23న కొమగాట మారు అను జపాను ఓడ 376 మంది భారతీయులతో, అందు పెక్కురు పంజాబు సిక్కులు, ఈ నీటిలోనే వచ్చి నిలిచెను. స్వదేశమునుండి ఎచ్చటను ఆగక, అచ్చట కొన్న టిక్కెట్టుతోనే నేరుగా వచ్చినవారికే ప్రవేశమని కెనడా 1908లో నియమము చేసియుండెను. భారతదేశమునుండి కెనడాకు నేరుగా వచ్చు ఓడయే లేదు గనుక ఆ నియమమునకు అర్థము రావద్దనుటయే. అమెరికా చట్టము నడుమ ఆగితీరవలెనని శాసించె. కెనడా నియమము నడుమ ఆగిన ఒప్పుకొననని శాసించె. ఇద్దరును ఓడ దారిని వ్రాసినవారే, కాని రెండవవారి వ్రాత మనుష్యులను ఆపుటకు. కొలదిమంది తప్ప తక్కినవారిని దిగనీయక, రెండునెలలు నీటిమీదనే నిలిపి, జూలై 23న యుద్ధనౌక కాపలాతో వెనుకకు పంపివేసిరి. కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరినప్పుడు పోలీసుల కాల్పులలో పలువురు మరణించిరి. 2016 మే 18న కెనడా ప్రధాని ట్రూడో పార్లమెంటున క్షమాపణ చెప్పెను. కోల్ హార్బరు ఒడ్డున స్మారకము కలదు. ఓడనెక్కు చోటినుండి నడచిపోవచ్చును.

అచ్చటినుండి దిగివచ్చిన ఓడ కొలంబియా నది ముఖద్వారమున ఆస్టోరియాకు మరలును. మరలుట సులభము కాదు. మహానదీప్రవాహము సముద్రపు అలలతో ఢీకొనుచోట ఇసుకమేటలు కదలుచుండును. 1792లో రాబర్ట్ గ్రే ఈ ద్వారమును దాటినది మొదలు రెండువేలకు చేరువగా పడవలు ఇచ్చట నాశమైనవని చెప్పుదురు. ఈ మేటను దాటించుటకే వేరుగా శిక్షణ పొందిన మార్గదర్శకులు కలరు; వారు పడవలోనో హెలికాప్టరుమీదనో వచ్చి ఓడ నెక్కుదురు. ఉదయముననే లేచి పైఅంతస్తున నిలిచి ఆ దృశ్యమును చూడవలెను. తీరయాత్ర మొత్తములో ఓడ తన శక్తిని చూపు సమయము అదియే. పట్టణము 1811లో ఆస్టరు అను వర్తకుని బొచ్చువ్యాపారస్థానముగా పుట్టినది. 1966లో తెరచిన నాలుగుమైళ్ల వంతెన నదిని దాటి వాషింగ్టను రాష్ట్రమును కలుపును. కొండమీది స్తంభమునకు 164 మెట్లు. పర్యాటకుల బస్సులు ఈ రెండింటిని, సముద్రసింహముల గుంపును చూపించి వెనుకకు తెచ్చును.

అయితే ఈ చిన్నపట్టణపు రంపపుమిల్లులలో శతాబ్దము క్రిందట పనిచేసినవారిలో పంజాబు రైతులు చాలమంది. 1913లో ఇచ్చటి ఫిన్లాండు కార్మికుల సోషలిస్టు మందిరమున వారు సమావేశమైరి. సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడుగా, లాలా హరదయాళ్ కార్యదర్శిగా ఏర్పడిన సంఘమే పిమ్మట గదర్ పార్టీయని ప్రసిద్ధి కెక్కినది. ఆంగ్లప్రభుత్వమును ఆయుధముతో కూలద్రోయవలెనన్న ఆలోచన, దుంగలు కోయుచు కూడబెట్టిన డాలర్లతో, వానలు కురియు ఈ నదీముఖమున రూపుదాల్చెను. 2013లో పట్టణము శతజయంతి జరిపినది.

ఓడ రెండురాత్రుల లోపుగా సాన్ ఫ్రాన్సిస్కో చేరును. 1937లో తెరచిన గోల్డెన్ గేట్ వంతెనక్రింద పోవునప్పుడు నీటికిని వంతెనకును నడుమ 220 అడుగుల ఎడమున్నను, ఓడ శిఖరము తగులునేమోయని అందరును ఒక్కక్షణము తల వంచుదురు. నావికులు దీనికి నవ్వుకొందురు. తరువాత ఎడమచేత ఆల్కట్రాజ్, కుడిచేత నగరము. దిగినపిమ్మట జనము మత్స్యకారుల రేవువైపు పోవును. వుడ్ స్ట్రీటున 5వ నంబరు గదర్ స్మారకమందిరమునకు పోవువారు తక్కువ. 1913 నవంబరు 1న గదర్ పత్రిక తొలిసంచిక ఈ నగరముననే వెలువడెను. ఆ పార్టీలో చేరినవారిలో మన కనిగిరివాడైన దర్శి చెంచయ్య యొకడు. చదువుకై కాలిఫోర్నియాకు వచ్చి, విప్లవమునకు మరలి, స్వదేశమునకు పోవుదారిలో పట్టుబడి, ఏండ్లతరబడి చెరసాలలు చూచినవాడు. “నేనూ నా దేశం” అను ఆయన స్వీయచరిత్రను చదివి ఈ ఓడ నెక్కినవానికి వేరు మార్గదర్శి అక్కరలేదు.

కొన్ని ఓడలు సాంటా బార్బరాలోను ఆగును. 1786నాటి మిషను, 1925 భూకంపము తరువాత ఒకేతీరున తిరిగికట్టిన ఎఱ్ఱపెంకుల పట్టణము, ఇచ్చటను చిన్నపడవలే. ఒకనాడు చర్మములు కొనవచ్చిన నౌకలలో నావికుడై పనిచేసిన రిచర్డ్ హెన్రీ డానా, ఆగ్నేయపు గాలి లేచినంతనే లంగరును వదలి పరుగెత్తవలసిన రేవు ఇది యని 1840లో ప్రకటించిన గ్రంథమున వ్రాసినాడు.

మెచ్చుకోలుతోపాటు నిజమును చెప్పవలెను. తీరయాత్రయని పేరే గాని తీరము చాలవరకు కానరాదు. ఓడ రాత్రివేళలను, ఒడ్డునకు దూరముగను నడచును; బాల్కనీకి హెచ్చుధర యిచ్చినవారికి పొగమంచే మిగులుట కద్దు. రేవులు లేనిచోట పూర్తిదినములు చల్లని గాలిలో గడచును. పై కొలనులు ఖాళీగా నుండును. పిల్లలకు ఇది విసుగు. మరియు, ఒంటిదారి గనుక తిరిగివచ్చు విమానపు ఖర్చు వేరు. పట్టికలో ఆస్టోరియాయో సాన్ ఫ్రాన్సిస్కోయో లేక, విక్టోరియా ఒక్కటియే యుండి నేరుగా దిగివచ్చు ఓడలు కూడ కలవు. వాని జోలికి పోవలదు.

పత్రముల సంగతి

ఎన్ని కబుర్లు చెప్పుకొన్నను చివరకు నిర్ణయించునది పాస్‌పోర్టు. చెల్లుబాటగు అమెరికా వీసా యున్న భారతీయుని మెక్సికో వేరు వీసా లేకయే రానిచ్చును. పర్యాటకవీసాపై వచ్చిన తల్లిదండ్రులకు, అది పలుమార్లు ప్రవేశమునకు వీలైనదైనచో, దక్షిణపు చుట్టు సులభము. కెనడా అట్లు కాదు. భారతపౌరునికి, అతడు అమెరికాలో గ్రీన్‌కార్డు పొందినవాడైననే తప్ప, కెనడా వీసా కావలెను. వాంకూవరున ఎక్కవలెనన్నచో తల్లిదండ్రులకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు ముందుగనే దానికి దరఖాస్తు చేయవలెను. హెచ్-వన్-బి ఉద్యోగికి పాస్‌పోర్టులోని ముద్రగడువు తీరియున్నచో మరియొక చిక్కు: కెనడా, మెక్సికోలలో ముప్పదిరోజులలోపు గడపి తిరిగివచ్చువారిని అమెరికా కొన్ని నియమములకు లోబడి పాతముద్రతోనే రానిచ్చును గాని, గడువు తీరిన ముద్రను చూచి మెక్సికో లోనికి రానీయదు. నియమములు మారుచుండును, డబ్బు చెల్లింపకముందే రాయబార కార్యాలయపు ప్రకటనలను చూచుకొనవలెను. ప్రయాణపు బీమా అమెరికా సరిహద్దు దాటిన ఓడమీది వైద్యమునకు వర్తించునో లేదో యనునది కూడ అప్పుడే విచారింపవలెను. ఓడలోని వైద్యశాలలో బిల్లు చిన్నది కాదు. ప్రకటించిన ధరకు రేవుసుంకములు, మనిషికి రోజుకు పదునైదు ఇరువది డాలర్ల ప్రాంతమున సేవారుసుము చేరును.

కాబట్టి చిన్నపిల్లలు, వృద్ధులు కలిసిన కుటుంబమునకు దక్షిణపు చుట్టునే నేను చెప్పుదును. అందును కాటలీనా లేకుండ ఎన్సెనాడాకు మాత్రమే పోయివచ్చు మూడురాత్రులది వలదు, దీవి గల నాలుగురాత్రులదే తీసికొనవలెను. చదువుకొన్న దంపతులకు, పిల్లలు పెద్దవారై వెళ్లిపోయినవారికి, నడువగల శక్తియున్న తల్లిదండ్రులకు, సెప్టెంబరు చివర వాంకూవరునుండి దిగివచ్చు ఓడ. ఆ దినములలో సాన్ ఫ్రాన్సిస్కోలో పొగమంచు పలుచబడి ఏడాదిలోకెల్ల వెచ్చని ఎండ కాయును. గది ఓడకు ఎడమవైపున నుండవలెను. కానవచ్చినంత తీరము ఆ వైపుననే కానవచ్చును. వాంకూవరునకు ముందురోజే చేరుట మేలు. అమెరికా వలసాధికారులు తమ తనిఖీని రేవులోనే ముగింతురు గనుక వరుసలు పెద్దవి; కాని ఓడ సాయంకాలమునకు గాని కదలదు, కోల్ హార్బరు ఒడ్డునకు పోయివచ్చుటకు ఉదయమంతయు మిగులును.